గాస్కెట్ మార్చినా ఆగని కారుడు

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్న నా దగ్గర 1972 నాటి షెవ్రోలె షెవెల్ కారుంది. దాని టర్బో హైడ్రామాటిక్ 350 గేర్‌బాక్స్ పాన్‌కు (అడుగున ఉండే నూనె పళ్లేనికి) రెండుసార్లు గాస్కెట్ (నూనె కారకుండా మధ్యలో పెట్టే పొర) మార్చి, బోల్టులు శక్తి కొద్దీ బిగించినా ఎర్రనూనె కారుతూనే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు శక్తి కొద్దీ బిగించడమే ఇబ్బంది తెచ్చి ఉండవచ్చు. ఆ పాన్ పలుచని రేకు కనుక, 13 బోల్టులను అతిగా బిగించినప్పుడు రంధ్రాల చుట్టూ రేకు పైకి ఉబ్బుతుంది, బోల్టుల నడుమ గాస్కెట్‌పై ఒత్తిడి తగ్గి నూనెకు దారి దొరుకుతుంది. పాన్ విప్పి, అంచు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి చూడండి. ఉబ్బు కనిపిస్తే అంచు కింద చెక్కదిమ్మె పెట్టి సుత్తితో మెల్లగా తట్టి చదును చేయండి. పాత గాస్కెట్ ముక్కలు గీకేసి, కొత్తదాన్ని పొడిగానే అమర్చి, ఎదురెదురు బోల్టులను విడతలుగా సుమారు 12 ఫుట్‌పౌండ్ల వరకే, బిగింపు బలాన్ని చూపే టార్క్ రెంచితో బిగించండి. సీలెంట్ పూయడం నాకు నచ్చదు, ఊడిన ముక్కలు లోపలి ఫిల్టరుకు చేరతాయి.

అయితే కారు కొన్నాళ్లు కదలకుండా ఉన్నప్పుడే మడుగు కడుతుంటే, గేరు లివర్ షాఫ్ట్ సీలును అనుమానించండి. కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగంలోని) నూనె పాన్‌లోకి దిగి మట్టం పెరిగినప్పుడు అక్కడి నుంచి కారి, నింద పాన్ మీద పడుతుంది.