కారులో ఆంప్ (ఆంప్లిఫయర్) పెట్టాక హెడ్‌లైట్లు డిమ్ అవుతుంటే ఆల్టర్నేటర్ మార్చాలా?

పాటలో బేస్ (లోతైన దరువు) పడినప్పుడల్లా లైట్లు డిమ్ అవుతున్నాయని, షాపువాళ్లు కెపాసిటర్ (కాస్త కరెంట్ దాచి ఉంచే భాగం) పెట్టమన్నారని ఒకరు అడిగారు. కెపాసిటర్ వద్దండీ, అది కరెంట్ పుట్టించదు, దాన్నీ ఇంజిన్ తిప్పితే కరెంట్ పుట్టించే ఆల్టర్నేటరే నింపాలి.

ముందు లెక్క చూడండి. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) క్లాస్ డి (కరెంట్ తక్కువ వృథా చేసే రకం) ఆంప్, ఎఫిషియన్సీ 80 శాతం అనుకుంటే, ఫుల్‌గా మోగేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. పాట అంతసేపూ అలా లాగదు, నిజమే, కానీ బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఐడిల్‌లో నిలబడితే ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ, ఆ లోటు బ్యాటరీ మీద పడుతుంది.

అయినా ఆల్టర్నేటర్ మార్చడం చివరి మాట. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బేస్ కొట్టేటప్పుడు మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, ఆంప్ దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర బాగుండి ఆంప్ దగ్గర పడిపోతుంటే లోపం వైరులోనో, ఎర్త్‌లోనో (ఆంప్ మైనస్‌ను కారు బాడీకి కలిపే చోట) ఉంది. బెంగళూరు జేసీ రోడ్డు షాపుల్లో చవగ్గా దొరికే కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూతే. 4 గేజ్ అసలు రాగి వైరు అడిగి తీసుకోండి. ఎర్త్ పాయింట్ దగ్గర పెయింట్ గీకి బిగించాలి. ఫ్యూజ్ బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి, ఇందులో బేరం లేదు.

రెండు చోట్లా పడిపోతుంటే బిగ్ త్రీ చేయించండి: ఆల్టర్నేటర్–బ్యాటరీ ప్లస్, బ్యాటరీ మైనస్–బాడీ, ఇంజిన్–బాడీ, ఈ మూడు వైర్లూ లావువి. బ్యాటరీ పాతదైతే అదీ టెస్ట్ చేయించండి. అప్పటికీ 12.5 వోల్టుల కిందకి జారుతుంటే అప్పుడు ఆల్టర్నేటర్ గురించి ఆలోచించండి.