పింగాణీ పోతపోసే పనికి చదువు ఉందా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. కుండలు చేసుకునే కుటుంబం. మా గుంటడు టెన్త్ రాశాడు. పలచటి పింగాణీ మట్టిని అచ్చుల్లో పోసి కప్పులు తీసే వీడియోలు చూసి, అదే నేర్చుకుంటానంటున్నాడు. దాంతో బతకగలడా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అచ్చులో పోయడం త్వరగానే వస్తుంది. ఆ పలచటి మట్టిని, అంటే స్లిప్‌ని, రోజూ ఒకేలా తయారుచేసే మనిషి దొరకడమే కష్టం.

పింగాణీలో సుమారు సగం చైనా క్లే అనే తెల్లమట్టి, మిగతాది ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాళ్ల పొడులు. పలచబడాలని నీళ్లు పోసుకుంటూ పోతే ప్లాస్టర్ అచ్చు తొందరగా తడిసిపోయి నీరు పీల్చడం మానేస్తుంది. వస్తువు కూడా ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి పగులుతుంది. అందుకే పది కిలోల పొడికి నాలుగు లీటర్ల పైచిలుకు నీళ్లే పోస్తారు. ఆ నీళ్లలో ముందుగా సోడియం సిలికేట్ 20 నుంచి 50 గ్రాముల దాకా కలిపి, తర్వాత పొడి వేస్తారు. రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా అది చూస్తుంది కాబట్టి అంత తక్కువ నీళ్లతోనే మట్టి మీగడలా జారుతుంది. మోతాదు మించితే మళ్లీ చిక్కబడుతుంది. చాల్లేదేమో అనుకుని ఇంకాస్త వేశారో, ఇక అంతే! జల్లెడ పట్టి, రాత్రంతా ఉంచి, లీటరు తూస్తే 1.75 నుంచి 1.8 కిలోల మధ్య ఉండాలి.

మీవాడికి ఒక తూకం, కొలపాత్ర ఇచ్చి మీ మట్టితోనే చేయించండి. అందులోని ఉప్పుల వల్ల లెక్క తప్పుతుంది, మొండికేస్తుంది. ఫర్వాలేదు, ఓపిక తెలిసేది అక్కడే. ప్రతిసారీ తూకాలు నోట్‌బుక్‌లో రాస్తున్నాడా? అయితే ఈ చదువుకి పంపండి. పొడి కలిపేటప్పుడు మాత్రం మాస్క్ తప్పనిసరి. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి గూడూరులో సిరామిక్ డిప్లొమా చేయవచ్చు. తర్వాత డిప్లొమా వాళ్లు ఇంజనీరింగ్‌లో చేరడానికి రాసే ఈసెట్‌లోనూ సిరామిక్ టెక్నాలజీ పేపర్ ఉంది. ఇంటర్ ఎంపీసీ, జేఈఈ మెయిన్ దారిలో వెళ్తే రూర్కెలా ఎన్‌ఐటీలో సిరామిక్ ఇంజనీరింగ్ ఉంది. వాష్‌బేసిన్లు, కమోడ్లు చేసే ఫ్యాక్టరీల్లో స్లిప్ తయారీకి, క్వాలిటీ ల్యాబ్‌కి మనుషులు కావాలి. అవి ఎక్కువగా గుజరాత్‌లో ఉన్నాయి, కాబట్టి ఊరు వదలడానికి సిద్ధపడాలి.

ఇంటి దగ్గరే పింగాణీ యూనిట్ పెడదామని మాత్రం ఇప్పుడే అప్పు చేయకండి. పింగాణీ కాలాలంటే 1250 డిగ్రీలు దాటాలి. మీ కుమ్మరి ఆవానికి అంత వేడి రాదు, వేరే కొలిమి కొనాల్సిందే. అది డిప్లొమా అయ్యాక, రెండేళ్లు ఎక్కడైనా పనిచేశాక ఆలోచించవచ్చు.