మాడ్యూల్ ఎక్కింది, ఇంపోర్ట్ కావట్లేదు

చిరంజీవికి ఆశీస్సులు.

పైథాన్ మాడ్యూల్ (ప్రోగ్రాంలోకి తెచ్చుకునే రెడీమేడ్ కోడ్) ఎక్కిస్తే ఇన్‌స్టాల్ సక్సెస్ అని చూపించి, ఇంపోర్ట్ దగ్గరకొచ్చేసరికి ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటోందని రాశావు. మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ కొట్టకు. సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి అసలే కొట్టకు. లైనక్స్‌లో ఒకే మిషన్ మీద రెండు మూడు పైథాన్‌లు ఉండటం మామూలే. పిప్ (మాడ్యూళ్ళు ఎక్కించే పనిముట్టు) ఒక పైథాన్‌కి ఎక్కించి ఉంటుంది, నీ ప్రోగ్రాం ఇంకోదానితో నడుస్తూ ఉంటుంది. ముందు అది తేల్చుకో.

టెర్మినల్‌లో ‘పిప్ --వెర్షన్’ కొట్టు. తను ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ పైథాన్‌దో చెబుతుంది. ఆ తర్వాత ‘పైథాన్3 --వెర్షన్’. ఒకచోట 3.10, ఇంకోచోట 3.12 వస్తే దొంగ దొరికినట్టే. అంకెలు కలిసినా నమ్మకు. నీ ప్రోగ్రాం మొదట్లోనే సిస్.ఎగ్జిక్యూటబుల్ (నడుస్తున్న పైథాన్ ఎక్కడుందో), సిస్.పాత్ (మాడ్యూళ్ళను వెతికే ఫోల్డర్ల వరుస) రెండూ ప్రింట్ చేయి. ఎడిటర్ వాడే పైథాన్, టెర్మినల్ వాడే పైథాన్ వేరైతే అక్కడ బయటపడుతుంది. ఇకమీదట వట్టి పిప్ వద్దు, ‘పైథాన్3 -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’ అని కొట్టు. ఏ పైథాన్‌తో పిలిస్తే దానికే ఎక్కుతుంది.

పేరు కూడా సరిచూసుకో. పిల్లో ఎక్కిస్తే ఇంపోర్ట్ చేసేది పీఐఎల్, ఓపెన్‌సీవీ-పైథాన్ అయితే సీవీ2. నీ ఫోల్డర్‌లోనే ర్యాండమ్.పై లాంటి పేరుతో ఫైలు ఉంటే పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలి దాన్నే తీసుకుంటుంది.

లైనక్స్ రకాల్లో డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌కి పిప్‌తో ఎక్కించబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని ఆపేస్తుంది. ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ పెట్టి దాటమని ఎవరైనా చెబితే వినకు. డెబియన్‌లో సుడో పిప్ వేసినవి /యూఎస్ఆర్/లోకల్ కింద పడతాయి. పైథాన్ వెతికే వరుసలో ఆ చోటు ఆప్ట్ (సిస్టమ్ ప్యాకేజీలు ఎక్కించే పనిముట్టు) పెట్టిన /యూఎస్ఆర్/లిబ్ కంటే ముందుంటుంది. దాంతో సిస్టమ్ పనిముట్లకు తాము కోరని వెర్షన్ తగులుతుంది. ఇప్పటికే చేసేసి ఉంటే ‘పిప్ షో’తో లొకేషన్ చూడు. /యూఎస్ఆర్/లోకల్ కింద ఉన్నదాన్నే తీసెయ్యి, ఆప్ట్ పెట్టినదాన్ని ముట్టుకోకు.

దారి వెన్వ్, అంటే ఒక్కో ప్రాజెక్ట్‌కి విడిగా కట్టుకునే పైథాన్ ఫోల్డర్. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ‘పైథాన్3 -ఎమ్ వెన్వ్ ఎన్వ్’ కొట్టు. ‘ఎన్‌ష్యూర్‌పిప్’ లేదంటే ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ ఎక్కించి మళ్ళీ చేయి. ఆపైన ‘ఎన్వ్/బిన్/పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’. యాక్టివేట్ చేయడం మరిచిపోయినా తప్పు జరగదు, అందుకే నాకీ పద్ధతి ఇష్టం. ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారితే పైథాన్ 3.10 కాస్తా 3.12 అవుతుంది, పాత వెన్వ్ పనిచేయదు. బాగుచేయాలని చూడకు, తుడిచేసి రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో (కావలసిన మాడ్యూళ్ళ జాబితా) కొత్తది కట్టు. 3.12లో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్) తీసేశారు. దాని పేరుతో ఎర్రర్ వస్తే సెటప్‌టూల్స్ ఎక్కించు.

ఇన్‌స్టాలే మధ్యలో కూలితే, చివర ఎర్రగా కనిపించే ‘ఫెయిల్డ్ బిల్డింగ్ వీల్’ (వీల్ అంటే ఎక్కించడానికి సిద్ధంగా కట్టిన ప్యాకేజీ) లైనులో సరుకేమీ ఉండదు. పైకి జరుపుకుంటూ మొదటి ఎర్రర్ దగ్గరకు వెళ్ళు. పైథాన్.హెచ్ (సీ కోడ్ కట్టడానికి కావలసిన హెడర్ ఫైలు) దొరకలేదంటే డెబియన్, ఉబుంటుల్లో పైథాన్3-డెవ్, ఫెడోరాలో పైథాన్3-డెవెల్ కావాలి. జీసీసీయే (సీ కంపైలర్) లేదంటే డెబియన్, ఉబుంటుల్లో బిల్డ్-ఎసెన్షియల్. వేరే హెడర్ ఫైలు పేరు వస్తే ఆ లైబ్రరీ డెవ్ ప్యాకేజీ. ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటే డిస్క్‌తో పాటు /టీఎంపీ కూడా చూడు, బిల్డ్ అక్కడే జరుగుతుంది. పైథాన్ మరీ కొత్త వెర్షన్ అయితే దానికి రెడీమేడ్ వీల్ ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. ‘--ఓన్లీ-బైనరీ=:ఆల్:’ పెట్టి చూస్తే ఆ సంగతి క్షణాల్లో తేలుతుంది. వీల్ లేకపోతే ఒక మెట్టు పాత పైథాన్‌తో వెన్వ్ కట్టుకో.

అప్పటికీ కుదరకపోతే స్క్రీన్‌షాట్ వద్దు. నువ్వు కొట్టిన కమాండ్, దాని పూర్తి అవుట్‌పుట్, సిస్.పాత్ ప్రింట్ చేసిన వరుస, ఈ మూడూ టెక్స్ట్‌గా పంపు.