లైట్ సంగతి తర్వాత, ముందు క్లామ్‌ను రాయి నుంచి ఎలా తీస్తున్నారో చూడండి

సముద్రపు నీటి అక్వేరియంలో రంగురంగుల క్లామ్స్ (రెండు చిప్పల మధ్య బతికే మెత్తటి జీవులు) పెంచాలంటే ఎంత లైట్ కావాలని అడిగారు. నేను ఉండేది డాలస్ దగ్గర, ఇంట్లో రీఫ్ ట్యాంక్ (పగడాల్లాంటివి పెంచే సముద్రపు నీటి అక్వేరియం) ఉంది. లైట్ గట్టిగానే కావాలి. చిప్పల మధ్య నుంచి కనిపించే ఆ రంగుల మెత్తటి కండని మాంటిల్ అంటారు. అందులో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది, వెలుతురుతో అది తయారు చేసే ఆహారమే క్లామ్‌కి ప్రధానమైన తిండి. కానీ ఇళ్లలో క్లామ్స్ చచ్చిపోయేది లైట్ చాలక కాదు, అమ్మేవాళ్ల తొందర వల్ల. ఈ మాట ఎవరితోనైనా బల్లగుద్ది చెప్తాను.

నేను మొదట కొన్నది మాక్సిమా అనే రకం క్లామ్. అరచేతిలో సగం ఉంటుందేమో, అంచు పొడుగునా నెమలి మెడ నీలం. షాపులో రాయికి అతుక్కుని ఉంది. మాక్సిమాకి అడుగున చిన్న సందు ఉంటుంది, అందులోంచి తెల్లటి పోగులు వచ్చి రాయిని పట్టుకుంటాయి. షాపు కుర్రాడు చెయ్యి ముంచి అటూ ఇటూ మెలిపెట్టాడు. నేను ఆగమనేలోపే లాగేశాడు. సంచి ఎత్తి చూస్తే పోగుల చివర చిన్న కండ ముక్క వేలాడుతోంది! ఇంటికొచ్చాక ఒక పూట తెరుచుకుంది. తర్వాత మాంటిల్ లోపలికి ముడుచుకుపోయింది, నీళ్లు పీల్చే రంధ్రం మాత్రం బార్లా తెరుచుకుని ఉండిపోయింది. పైన చెయ్యి ఆడించినా కదల్లేదు. వారం తిరక్కుండానే పోయింది. షాపుకెళ్లి అడిగితే "మీ లైట్ సరిపోలేదు" అని కొత్త లైట్ అంటగట్టబోయారు. ఒళ్లు మండిపోయింది.

పోగుల్ని బ్లేడుతో రాయి దగ్గర కొయ్యాలి, లేదంటే రాయి ముక్కతో సహా ఇవ్వాలి. తెగిన పోగులు మళ్లీ పుట్టుకొస్తాయి. అవి పుట్టే గ్రంథి చిరిగిందా, ఇక ఆశ వదులుకోవడమే. అందుకే తర్వాత తెచ్చిన మాక్సిమాను ముందు చిన్న టైల్ ముక్క మీద పెట్టి, అది పట్టుకున్నాక టైల్‌తో సహా పైన రాళ్ల మీదికి ఎక్కించాను. ఇప్పుడు జరపాలన్నా టెన్షన్ లేదు.

మొదటిసారి పెంచేవాళ్లకి డెరాసా అనే రకం మేలు. ఇసుక మీదే కూర్చుంటుంది, కాస్త తక్కువ లైట్‌కీ ఓర్చుకుంటుంది. పసిఫిక్‌లోని పలావ్ దీవుల్లో దశాబ్దాలుగా దీన్ని హేచరీలో పుట్టించి పెంచుతున్నారు కాబట్టి సముద్రంలోంచి పీక్కొచ్చింది కొనక్కర్లేదు. చిప్ప పెరగాలంటే నీటిలో కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు), ఆల్కలినిటీ (క్షారగుణం) దాన్ని కొలిచే డీకేహెచ్ లెక్కలో 8–9 దగ్గర నిలకడగా ఉండాలి. అందుకోసం నేను ఆవిరైపోయిన నీటికి బదులు సున్నపు తేటను చుక్కలు చుక్కలుగా పడేలా పెట్టాను. రోజూ సీసాలోంచి ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు) పొయ్యాలని వీడియోల్లో ఊదరగొడతారు, చేపలున్న ట్యాంకులో పెద్ద క్లామ్‌కి ఆ ఖర్చు దండగ. ఆ డబ్బుతో మంచి టెస్ట్ కిట్ కొనుక్కోండి. మాంటిల్‌ని పొడిచే ఏంజెల్ చేపలు ఉంటే మాత్రం క్లామ్ జోలికే పోవద్దు. చేపల జబ్బుకి వాడే రాగి మందు కూడా ఆ నీళ్లలో పడకూడదు.

ఇండియాలో ఉండి అడుగుతుంటే ఇంకో మాట. మాక్సిమా, స్క్వామోసా అనే ఇంకో రకం క్లామ్ మన లక్షద్వీప్, అండమాన్ సముద్రాల్లో ఉన్నాయి, రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. చాటుగా ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి.