కడుపులో బిడ్డ కదలిక తగ్గితే ఆగకండి

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. నాకు 51 ఏళ్లు. మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇప్పుడు 36వ వారం. రక్తం 9.6 ఉందన్నారు. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోందని వారం నుంచి మానేసింది. మంచి నక్షత్రం చూసి సిజేరియన్ చేయించాలని, బిడ్డ పుట్టగానే నాలుకకు తేనె, వస రాయాలని మా వియ్యపురాలు అంటున్నారు. నెల నిండగానే బిడ్డను తిరుమలకు తీసుకొస్తానని నేను మొక్కుకున్నాను. తొలి మనవడో, మనవరాలో అన్న ఆరాటంతో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రెండు రోజులుగా బిడ్డ కదలిక తగ్గిందని అమ్మాయి అంటోంది. నెలలు నిండాక అంతేనని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతున్నారు. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: అమ్మా, మీరు ఆఖరున రాసిన మాటే అన్నిటికన్నా ముఖ్యం. కదలిక తగ్గిందని అమ్మాయి చెబితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకా వెళ్లి ఉండకపోతే ఇప్పుడే బయలుదేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

పెద్దవాళ్ల మాటలో సగం నిజం ఉంది. నెలలు నిండేకొద్దీ లోపల చోటు ఇరుకవుతుంది కాబట్టి గట్టి తన్నుల బదులు ఒత్తిగిలినట్లు, మోచేయి జరిపినట్లు తెలుస్తుంది. కదలిక తీరు మారుతుందే గానీ, కదలడం తగ్గకూడదు. మాయ నుంచి రక్తం సరిగా అందనప్పుడు బిడ్డ ఉన్న శక్తిని దాచుకోవడానికి కదలడం తగ్గిస్తుంది. పొట్టలో ఏం జరుగుతోందో మీకూ నాకూ కన్నా ముందు తెలిసేది మీ అమ్మాయికే. అందుకే ఆమె మాటను ఎవరూ కొట్టిపారేయవద్దు.

తిరుపతిలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి వెళ్లినా, మీరు చూపించుకునే చోటికి వెళ్లినా, పొట్టకు బెల్టు కట్టి ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. అవసరమైతే స్కానింగ్ చేస్తారు. అంతా బాగుందని పంపిస్తే ఊరికే వచ్చామని సిగ్గుపడకండి. మళ్లీ తగ్గినట్లు అనిపిస్తే మళ్లీ వెళ్లండి. ఇంటికి వచ్చాక రోజూ భోజనం చేసి ఎడమ వైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చేయి వేసుకుని లెక్కపెట్టమనండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే అర్ధరాత్రి అయినా ఆగకూడదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా అంతే.

రక్తం సంగతి. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ మాత్రలతో విరేచనం నల్లబడడం మామూలే, దానికి భయం లేదు. పాలు, టీ, కాఫీలతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకూడదు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. అయితే కాన్పు దగ్గర పడింది, మాత్రలకు అంత వ్యవధి లేదు. నరం ద్వారా ఐరన్ ఎక్కించడం గురించి ఈ రోజే మీ డాక్టర్‌ను అడగండి.

నక్షత్రం గురించి వియ్యపురాలికి నా మాటగా చెప్పండి. తల్లికో బిడ్డకో అవసరం లేకుండా 39 వారాలు నిండకముందు ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి అందక ఇబ్బంది రావచ్చు. అవసరమే వస్తే ఇక నక్షత్రం కోసం ఆగే పని లేదు.

ఇక తొలి చుక్క. దూడ లేచి నిలబడగానే పొదుగు దగ్గరికి చేర్చే పల్లెల్లో, మనిషి బిడ్డకు మాత్రం తేనె వెతుకుతాం. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. కాన్పు అయిన గంటలోపు బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించాలి. సిజేరియన్ అయినా సరే. చిక్కగా, పసుపుపచ్చగా చెంచాడే వచ్చే ఆ ముర్రుపాలను చూసి ‘పాలు పడలేదు’ అంటారు. మొదటి రోజు బిడ్డ పొట్టకు ఆ కొంచెమే చాలు. రోగాలను ఎదుర్కొనే శక్తి అందులోనే ఉంటుంది. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం తయారుచేసి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. ఏడాది నిండేదాకా తేనె వద్దు. సానరాయి మీద అరగదీసిన వస వల్ల వాంతులు, మత్తు రావచ్చు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

మీ మొక్కు ఎక్కడికీ పోదు. 14 వారాల టీకాలు పూర్తయ్యాక వెళ్లండి. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం దగ్గర ప్రత్యేక ప్రవేశం ఉంది. పసిబిడ్డను గంటల కొద్దీ క్యూలో ఉంచే పని పడదు.

నిద్ర పట్టని ఆ వేళలో ఒక పని చేయండి. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే కారు డ్రైవరు నంబరు, దాని కింద 108 పెద్ద అక్షరాలతో గోడ మీద రాయండి. కొండకు రద్దీ ఉన్న రోజుల్లో చంద్రగిరి దాటాక ఎంత సేపు పడుతుందో మీకు తెలిసిందే కదా, నొప్పులు పెరిగేదాకా ఇంట్లో ఉండవద్దు. ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు చూసి ఏమన్నారో నాకు రాయండి.