పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా జామచెట్టు కొమ్మల పంగల్లో రంధ్రాలు పడి, వాటి చుట్టూ పొట్టు, పెంటికలు గూడులా అల్లుకుని వేలాడుతున్నాయి. మేలు చేసే నులిపురుగులను వాడమని బంధువులు సలహా ఇచ్చారు. కిందటేడు మా టమాట వేళ్లకు బుడిపెలు కట్టించినవి కూడా నులిపురుగులే కదా, మళ్లీ వాటినే కొని తెచ్చుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: ఈ లక్షణాలు బెరడు తినే గొంగళిపురుగువి. అది పగలు సొరంగంలో దాగి, రాత్రివేళ ఆ గూటి చాటున బెరడును గీకి తింటుంది. మీ టమాటను పాడుచేసినవి మొక్క వేళ్ల మీద బతికే జాతి. బంధువులు చెప్పిన స్టైనర్‌నీమా, హెటిరోరాబ్డైటిస్ జాతులు కీటకాల శరీరంలోనే వృద్ధి చెందుతాయి కనుక వేళ్ల జోలికి పోవు. మనుషులకు, వానపాములకు వాటివల్ల హాని లేదు. సుమారు అర మిల్లీమీటరు పొడవుండే ఈ జీవులు పురుగు నోటి ద్వారానో, మలద్వారం ద్వారానో, ఊపిరి రంధ్రాల ద్వారానో లోపలికి చేరి, తమ పేగులో మోసుకువచ్చిన బ్యాక్టీరియాను వదులుతాయి. దానితో పురుగు సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో చనిపోతుంది.

ఎండకు, పొడిగాలికి ఇవి తట్టుకోలేవు. అందువల్ల తిరుపతి ప్రాంతంలో ఆకుల మీద చల్లటం వృథా. కాండంలోని సొరంగం మాత్రం చీకటిగా, చెమ్మగా ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేయగలవు. కాలిఫోర్నియాలో అంజూర తోటల కాండం తొలిచే పురుగుపై వీటిని ఇలాగే రంధ్రాల్లోకి ఎక్కించి వాడారు. దొరికితే హెటిరోరాబ్డైటిస్ ఇండికా అడగండి. కోయంబత్తూరు నేలలో దొరికి, 1992లో పేరు పొందిన ఈ జాతి మన వేడికి మిగతావాటికంటే మెరుగు. నేలలో ఉండి వేళ్లు తినే వేరుపురుగు కోసం దీన్ని పొడి రూపంలో తయారుచేసే పద్ధతిని బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ రూపొందించింది.

ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో, సాయంత్రం పొద్దువాలాక ఈ పని పెట్టుకోండి. గూడును చీపురుతో తుడిచివేసి, అన్నిటికంటే పైనున్న రంధ్రంలోకి సూది తీసిన సిరంజితో, కింది రంధ్రం నుంచి బయటకు కారే దాకా నులిపురుగులు కలిపిన నీటి ద్రావణాన్ని ఎక్కించి, తడి బంకమట్టితో మూసివేయాలి. నులిపురుగులు నీటి అడుగుకు దిగిపోతాయి కనుక సిరంజి నింపే ప్రతిసారీ కలపాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఆ నీటిని వెడల్పాటి పాత్రలో రాత్రంతా ఉంచి వాడండి. అంతకుముందే పురుగుమందో కిరోసిన్ దూదో పెట్టిన రంధ్రంలో ఇవి బతకవు. వారం తర్వాత తాజా పొట్టు రాలుతుంటే మరోసారి ఎక్కించండి. ఒకటి రెండు రంధ్రాలే ఉంటే మాత్రం, ఇంత ఖర్చుకు పోకుండా, ఇనుప తీగతో లోపల పొడిచి పురుగును చంపటమే నా సలహా.

ప్రశ్న: మిద్దె మీది వంగ మొక్కల్లో కొమ్మ, కాయ తొలిచే పురుగుకు ఇవే వాడవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు త్వరగానే లేత కొమ్మలోకో కాయలోకో దూరి, తన పెంటికలతో దారి మూసుకుంటుంది. మిద్దె మీది ఎండలో మీరు చల్లిన ద్రావణం అప్పటికే ఆరిపోతుంది. వాడిన కొమ్మ చివళ్లను కనబడిన వెంటనే పురుగుతో సహా తుంచి కాల్చివేయటం, పుచ్చు కాయలను కుండీలోనే వదలకుండా ఏరివేయటం, ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట వేలాడదీయటం ఇంతకన్నా ఫలితమిస్తాయి.

ప్రశ్న: కొరియర్‌లో వచ్చిన పొట్లంలో నులిపురుగులు బతికి ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: చిటికెడు పొడిని గది వేడిమి ఉన్న నీటిలో కలిపి, కాసేపు ఆగి, నల్లని పళ్లెంలో ఒక చుక్క వేసి భూతద్దంతో చూడండి. బతికినవి మెలికలు తిరుగుతూ కదులుతాయి. చచ్చినవి పుల్లల్లా నిటారుగా, కదలకుండా పడి ఉంటాయి. ఎక్కువ భాగం కదలకపోతే పొట్లాన్ని తిప్పి పంపండి. కదులుతుంటే నీడలో చల్లగా ఉంచి, అట్టమీది గడువులోగా వాడండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి.