జాడ తెలియని తమ్ముడి వాటా సంగతి

అక్కా, తొమ్మిదేళ్లుగా మీ తమ్ముడి జాడ లేదు, ఈమధ్యే నాన్నగారు పోయారు, ఇల్లు ఎలా పంచుకోవాలని అడిగారు. ముందు ఒక మాట: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అతని పేరు దాచకండి. రేపు తిరిగొస్తే మీ రిజిస్ట్రేషన్లన్నీ కోర్టుకెక్కుతాయి.

ఒక మనిషి గురించి ఏడేళ్లుగా అయినవాళ్లకు కబురు లేకపోతే, అతను బతికే ఉన్నాడని చెప్పేవాళ్లే రుజువు చూపాలని భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టంలో 108) అంటుంది. అయితే ఆఫీసుల్లో పని జరగాలంటే సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా (అతను చనిపోయినట్టు ప్రకటించమని అడిగే దావా) వేయడం మంచిది. మిస్సింగ్ కేసు ఎఫ్‌ఐఆర్, పేపర్ ప్రకటన దగ్గరుంచుకోండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ సెక్షన్ మరణించిన తేదీని తేల్చదు. నాన్నగారికంటే ముందే పోయాడని రుజువు లేకుండా అనుకోలేం. తమ్ముడికి భార్యాపిల్లలుంటే వాళ్లనూ దావాలో చేర్చండి, వాళ్ల హక్కు పోకూడదు.

ఆ డిక్లరేషన్ వచ్చేవరకూ ఆగలేకపోతే, తమ్ముణ్నీ ప్రతివాదిగా చేర్చి పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేయండి. కోర్టు అనుమతితో పేపర్లో నోటీసు వేయించి, అతని వాటా విడిగా ఉంచమని అడగవచ్చు.